బట్టీ పట్టకుండా డిగ్రీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదవడం ఎలా?

ఆల్కహాల్ ఏ రకమో తేల్చే లూకాస్ పరీక్ష ఇంటర్‌లో చదివే ఉంటారు. టెర్షరీ ఆల్కహాల్ (ఓహెచ్ ఉన్న కార్బన్‌కి మూడు కార్బన్లు అంటుకున్నది; సెకండరీకి రెండు, ప్రైమరీకి ఒకటి) అయితే ద్రావణం వెంటనే తెల్లగా మసకబారుతుంది, సెకండరీ అయితే ఓ ఐదు నిమిషాలు పడుతుంది, ప్రైమరీ అయితే గది ఉష్ణోగ్రత దగ్గర ఏ మార్పూ ఉండదు. అప్పట్లో ఈ మూడు ముక్కలు రాస్తే మార్కులు పడ్డాయి. డిగ్రీలో వాటి పక్కన ఒక మాట చేరుతుంది: ఎందుకు?

ఆల్కహాల్‌లోని ఆక్సిజన్‌ను లూకాస్ కారకంలో ఉండే జింక్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసి వదులు చేస్తాయి. అది విడిపోయాక కార్బోకాటయాన్, అంటే ధనావేశం ఉన్న కార్బన్, మిగులుతుంది. టెర్షరీ కార్బోకాటయాన్‌కి స్థిరత్వం ఎక్కువ కాబట్టి అది త్వరగా ఏర్పడుతుంది. దానికి క్లోరైడ్ వచ్చి చేరితే ఆల్కైల్ క్లోరైడ్ తయారవుతుంది. అది నీళ్లలో కరగదు, అందుకే మసక. ఈ కారణం పట్టుకున్నవాళ్లు బెంజైల్ ఆల్కహాల్ ప్రైమరీ అయినా వెంటనే ఎందుకు మసకబారుతుందో పుస్తకం తెరవకుండానే చెప్పగలరు, ఎందుకంటే బెంజీన్ వలయం ఆ ధనావేశాన్ని తనలోకి పంచుకుంటుంది. మూడు ముక్కలు బట్టీ పట్టినవాళ్లు మాత్రం ఇక్కడ తప్పు రాస్తారు.

డిగ్రీ ఆర్గానిక్ అంతా ఇలాగే ఉంటుంది. సెమిస్టర్‌కి వచ్చే చర్యలు చూస్తే కొండంత కనిపిస్తాయి, వాటి వెనక ఉన్న కారణాలు మాత్రం గుప్పెడే. ఆ గుప్పెడు కారణాలను పెన్ను పట్టుకుని నేర్చుకోవడం ఎలాగో వరసగా చెబుతాను. బీజెడ్‌సీ అయినా ఎంపీసీ అయినా, బీఫార్మసీ అయినా దారి ఒకటే.

1. మొదటి రెండు వారాలు పునాదికే ఇవ్వండి

సిలబస్‌లో మొదటి యూనిట్ చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది: ఇండక్టివ్ ప్రభావం, రెజొనెన్స్, హైపర్‌కాంజుగేషన్, ఆమ్లాలు, క్షారాలు. "ఇవన్నీ ఇంటర్‌లో అయిపోయాయి కదా" అని చాలామంది పేజీలు తిప్పేస్తారు. తర్వాత వచ్చే యూనిట్లన్నీ నిలబడేది దీని మీదే కాబట్టి ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. తెల్లకాగితం మీద నైట్రో గ్రూపు గీయండి. నైట్రోజన్ మీద ప్లస్, ఒక ఆక్సిజన్ మీద మైనస్ ఎందుకు వచ్చాయో లెక్కగట్టండి. ఎసిటేట్ అయాన్‌కి రెండు రెజొనెన్స్ నిర్మాణాలు వేయండి. ఫీనాల్ కంటే పారా నైట్రోఫీనాల్ ఎందుకు బలమైన ఆమ్లమో బొమ్మతో చూపించండి. మూడూ తడుముకోకుండా వస్తే ముందుకు వెళ్లొచ్చు. ఒక్కదాని దగ్గర ఆగిపోయినా మొదటి యూనిట్ మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఆర్గానిక్‌లో బట్టీ పట్టమని నేను చెప్పే విషయం ఒక్కటే, ఆమ్లం బలాన్ని చెప్పే పీకేఏ విలువలు. అవీ ఒక ఎనిమిది చాలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మైనస్ 7 దగ్గర, ఎసిటిక్ ఆమ్లం 4.76, కార్బానిక్ ఆమ్లం 6.35, ఫీనాల్ దాదాపు 10, నీరు 15.7, ఇథనాల్ 16, ఎసిటిలీన్ 25, అమ్మోనియా దాదాపు 38. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం బలం పెరుగుతుంది. ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా.

వీటితో ఏం చేయొచ్చో ల్యాబ్‌లోనే చూడండి. బెంజోయిక్ ఆమ్లం మీద సోడియం బైకార్బొనేట్ ద్రావణం పోస్తే బుసబుసా పొంగుతుంది. ఫీనాల్ మీద పోస్తే ఉలుకూ పలుకూ ఉండదు. బెంజోయిక్ ఆమ్లం పీకేఏ 4.2, అంటే కార్బానిక్ ఆమ్లం కంటే బలమైనది. అందుకే బైకార్బొనేట్‌కి ప్రోటాన్ ఇచ్చి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతుంది. ఫీనాల్‌కి అంత బలం లేదు. కానీ అదే ఫీనాల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరుగుతుంది, ఎందుకంటే నీటి కంటే అది బలమైన ఆమ్లం. ఎసిటిలీన్ నుంచి ప్రోటాన్ లాగడానికి సోడియం హైడ్రాక్సైడ్ చాలదు, అమ్మోనియా నుంచి వచ్చే క్షారం సోడమైడ్ కావాలి. 25, 15.7, 38 అనే మూడు అంకెలు పక్కపక్కన రాసుకుంటే కారణం మీకే కనిపిస్తుంది.

2. బాణాలు వేయడం చేతికి అలవాటు చేయండి

చర్య మెట్టు మెట్టుగా ఎలా జరుగుతుందో చెప్పేది మెకానిజం. అందులో వంపు బాణం ఎలక్ట్రాన్ల కదలికను చూపిస్తుంది. బాణం తోక ఎప్పుడూ ఎలక్ట్రాన్లు ఉన్నచోటే మొదలవ్వాలి, అంటే ఒంటరి జంట దగ్గర గానీ బంధం మధ్య గానీ. మొన ఆ ఎలక్ట్రాన్లు వెళ్లే చోటికి చేరాలి. ప్రోటాన్ మీద ఎలక్ట్రాన్లే లేవు కాబట్టి దాని దగ్గర బాణం మొదలవ్వదు. పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: ప్రోటాన్ దగ్గర మొదలుపెట్టి డబుల్ బాండ్ వైపు బాణం వేయడం. జవాబు చివర సరైన పదార్థమే రాసినా, బాణం తిరగబడితే విషయం అర్థం కాలేదని దిద్దేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. పెన్ను తీసుకోండి. 3-మిథైల్-1-బ్యూటీన్ మీద హైడ్రోజన్ క్లోరైడ్ చర్య. నాలుగు కార్బన్ల గొలుసు గీయండి, ఒకటి రెండు కార్బన్ల మధ్య డబుల్ బాండ్, మూడో కార్బన్ మీద ఒక మిథైల్. కనిపించని హైడ్రోజన్లన్నీ గీయండి, మూడో కార్బన్ మీద ఉన్న ఆ ఒక్క హైడ్రోజన్‌ను మరీ ముఖ్యంగా. ఇప్పుడు మొదటి బాణం: డబుల్ బాండ్ మధ్యలో మొదలై హైడ్రోజన్ క్లోరైడ్‌లోని హైడ్రోజన్ దగ్గర ఆగుతుంది. రెండో బాణం హైడ్రోజన్, క్లోరిన్ మధ్య బంధం నుంచి క్లోరిన్ మీదికి. హైడ్రోజన్ మొదటి కార్బన్‌కి చేరింది, రెండో కార్బన్ మీద ప్లస్ మిగిలింది. అది సెకండరీ కార్బోకాటయాన్.

మార్కోవ్నికాఫ్ సూత్రం (డబుల్ బాండ్‌లో హైడ్రోజన్లు ఎక్కువున్న కార్బన్‌కే కొత్త హైడ్రోజన్ చేరుతుంది) మాత్రమే గుర్తున్నవాళ్లు ఇక్కడే క్లోరైడ్‌ను అంటించి 2-క్లోరో-3-మిథైల్‌బ్యూటేన్ అని రాసి లేచిపోతారు. మీరు ఆగి పక్క కార్బన్ చూడండి. మూడో కార్బన్ మీద హైడ్రోజన్ ఉంది. అది తన రెండు ఎలక్ట్రాన్లతో సహా రెండో కార్బన్‌కి జరిగితే ప్లస్ మూడో కార్బన్ మీదికి వెళ్తుంది, అక్కడ అది టెర్షరీ. దీన్నే హైడ్రైడ్ షిఫ్ట్ అంటారు. ఇప్పుడు క్లోరైడ్ చేరితే 2-క్లోరో-2-మిథైల్‌బ్యూటేన్ వస్తుంది. నిజంగా చర్య జరిపితే ఈ రెండు పదార్థాలూ దాదాపు చెరిసగం వస్తాయి. కార్బోకాటయాన్ ఎక్కడ కనిపించినా పక్క కార్బన్‌ను ఒకసారి చూసే అలవాటు చేసుకుంటే, పినకాల్ పునరమరిక లాంటివి వచ్చినప్పుడు కొత్త పాఠంలా అనిపించవు.

ప్రతి బొమ్మ పూర్తయ్యాక రెండు లెక్కలు చూసుకోండి. ఏ కార్బన్‌కైనా ఐదు బంధాలు వచ్చాయా? బాణానికి ముందు ఉన్న మొత్తం ఆవేశం, తర్వాత ఉన్న మొత్తం ఆవేశం ఒకటేనా?

3. చదవడం తగ్గించి గీయడం పెంచండి

వీడియోలో సార్ గీస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పరీక్ష హాల్లో తెల్లకాగితం ముందు కూర్చుంటే మొదటి బాణం కూడా తోచదు. గట్టున కూర్చుని ఈత నేర్చుకోలేం. వీడియోలు వద్దని కాదు, ఐఐటీల వాళ్ల ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి, చాలా బాగుంటాయి కూడా. కానీ పాఠం మధ్యలో ఆపి, తర్వాతి మెట్టు మీరే గీసి, ఆ తర్వాత ప్లే నొక్కండి.

క్లాసు అయిన రోజు సాయంత్రమే ఆ రోజు చెప్పిన మెకానిజాలను నోట్సు మూసేసి రఫ్ బుక్‌లో గీయండి. ఎక్కడ ఆగారో అక్కడ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, నోట్సు తెరిచి అంతవరకే చూసి, మళ్లీ మూసి మొదటి నుంచి గీయండి. రెండు రోజులాగి ఇంకోసారి, ఆదివారం ఇంకోసారి. రోజుకి ముప్పావుగంట చాలు. అయితే ఆ ముప్పావుగంట రోజూ ఉండాలి. ఆర్గానిక్‌ను పరీక్షల ముందు వారం కోసం దాచుకుంటే ఎంత తెలివైనవాళ్లకైనా కష్టమే.

నెలకోసారి ఒక పెద్ద కాగితం మీద చర్యల పటం వేసుకోండి. మధ్యలో ఆల్కహాల్ పెట్టండి. దాని నుంచి ఆల్డిహైడ్‌కి, కీటోన్‌కి, ఆల్కీన్‌కి, హేలైడ్‌కి, ఈథర్‌కి, ఎస్టర్‌కి గీతలు గీసి, ఒక్కో గీత మీద రియాజెంట్, ఉష్ణోగ్రత రాయండి. తర్వాత వెనక్కి వచ్చే దారులు కూడా. ఎవరో తయారుచేసిన చార్ట్ జిరాక్స్ తీసి గోడకి అంటించుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. మీ చేత్తో వేసుకుంటేనే ఎక్కడ దారి తెలియదో బయటపడుతుంది.

4. ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2, ఈ1, ఈ2: నాలుగు ప్రశ్నలు వేసుకోండి

పిల్లలు చేతులెత్తేసేది ఇక్కడ. ఎస్‌ఎన్ అంటే ఒక గ్రూపు పోయి దాని చోటికి న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్ జంట ఇచ్చేది) రావడం. ఈ అంటే విలోపనం, ఒక గ్రూపు, పక్క కార్బన్ మీది హైడ్రోజన్ పోయి డబుల్ బాండ్ రావడం. 1 అయితే గ్రూపు ముందే విడిపోతుంది, 2 అయితే అంతా ఒకే మెట్టులో జరుగుతుంది. పుస్తకంలో ఉన్న తేడాల పట్టిక బట్టీ పట్టడం వల్ల లాభం లేదు, పరీక్షలో వచ్చేది పట్టిక కాదు, కొత్త అణువు. ఏ ప్రశ్న వచ్చినా ఇదే వరసలో ఆలోచించండి.

ముందు, లీవింగ్ గ్రూపు (విడిపోయే గ్రూపు) ఉన్న కార్బన్ ఎలాంటిది? మిథైల్, ప్రైమరీ అయితే వెనక నుంచి వచ్చే న్యూక్లియోఫైల్‌కి చోటుంది కాబట్టి ఎస్‌ఎన్2. టెర్షరీ అయితే మూడు గ్రూపులు అడ్డు కాబట్టి ఎస్‌ఎన్2 జరగదు, మిగతా మూడింట్లో ఏదో ఒకటి. సెకండరీ అయితే తొందరపడి తేల్చకండి, తర్వాతి ప్రశ్నలకి వెళ్లండి.

రెండోది, వచ్చేది బలమైన క్షారమా, మంచి న్యూక్లియోఫైలా? అయోడైడ్, సయనైడ్ లాంటివి న్యూక్లియోఫైల్స్‌గా పనిచేస్తాయి. ఇథాక్సైడ్ రెండూ చేయగలదు. టెర్షరీ బ్యూటాక్సైడ్ లావుగా ఉంటుంది కాబట్టి కార్బన్ దాకా వెళ్లలేక ప్రోటాన్ లాక్కుంటుంది. నీరు, ఆల్కహాల్ రెండు పనుల్లోనూ బలహీనమే, అందుకే అవి కార్బోకాటయాన్ ఏర్పడేదాకా ఆగాలి.

మూడోది ద్రావణి. నీరు, ఆల్కహాల్ అయాన్లను చుట్టుముట్టి ఆదుకుంటాయి, ఎస్‌ఎన్1కి సాయం. ఎసిటోన్, డీఎంఎస్ఓ, డీఎంఎఫ్ అయితే న్యూక్లియోఫైల్ స్వేచ్ఛగా ఉంటుంది, ఎస్‌ఎన్2కి సాయం. నాలుగోది ఉష్ణోగ్రత: వేడి పెరిగితే విలోపనం వైపు మొగ్గుతుంది.

ఇప్పుడు దీన్ని విలియమ్‌సన్ ఈథర్ తయారీకి వాడి చూడండి. టెర్షరీ బ్యూటైల్ మిథైల్ ఈథర్ కావాలి. రెండు దారులున్నాయి. టెర్షరీ బ్యూటైల్ బ్రోమైడ్ తీసుకుని సోడియం మిథాక్సైడ్ వేయడం ఒకటి, సోడియం టెర్షరీ బ్యూటాక్సైడ్ తీసుకుని మిథైల్ అయోడైడ్ వేయడం రెండోది. కాగితం మీద రెండూ ఒకేలా ఉన్నాయి. నాలుగు ప్రశ్నలు వేయండి. మొదటి దారిలో కార్బన్ టెర్షరీ, వచ్చేది బలమైన క్షారం. ఈ2 జరిగి 2-మిథైల్‌ప్రొపీన్ వస్తుంది, ఈథర్ రాదు. రెండో దారిలో దాడి జరిగేది మిథైల్ కార్బన్ మీద, అక్కడ తీసేయడానికి పక్క హైడ్రోజనే లేదు. ఈథర్ వస్తుంది. ఇలాంటి ప్రశ్నలు పేపర్లలో తరచూ కనిపిస్తాయి. మొదటిసారి దీన్ని సొంతంగా తేల్చుకున్నప్పుడు కలిగే ఆనందం మామూలుగా ఉండదు.

5. స్టీరియోకెమిస్ట్రీకి చేతిలో బొమ్మ ఉండాలి

మోడల్ కిట్ కొనగలిగితే కొనండి. లేకపోతే చపాతీ పిండి ముద్ద, నాలుగు చీపురు పుల్లలు, వాటి చివర నాలుగు రంగుల పూసలో గింజలో గుచ్చండి. పుల్లల మధ్య కోణం దాదాపు 109.5 డిగ్రీలు ఉండేట్టు చూడండి. ఇలాంటివే రెండు చేసి, ఒకదాన్ని రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా అమర్చండి. ఇప్పుడు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడానికి ప్రయత్నించండి. కుదరదు. కైరాలిటీ మీద పది పేజీలు చదివినా రాని స్పష్టత ఇక్కడ వస్తుంది.

ఆ బొమ్మనే లాక్టిక్ ఆమ్లం అనుకోండి. ప్రాధాన్యం వరస: హైడ్రాక్సిల్, కార్బాక్సిల్, మిథైల్, హైడ్రోజన్. హైడ్రోజన్ పుల్లను మీకు దూరంగా పట్టుకుని మిగతా మూడింటినీ వరసగా చూడండి. గడియారం ముల్లు దిశలో తిరిగితే ఆర్, ఎదురు దిశలో అయితే ఎస్. ఏ రెండు గింజలనైనా మార్చి చూడండి, ఆర్ ఎస్ అవుతుంది. ఫిషర్ బొమ్మలో అడ్డగీతలు మీ వైపు వస్తాయి, నిలువు గీతలు వెనక్కి పోతాయి. హైడ్రోజన్ అడ్డగీత మీద ఉంటే వచ్చిన జవాబును తిరగేయాలి.

దీనికి ఇంత శ్రమ ఎందుకు అనిపిస్తే పుదీనా ఆకు నలిపి వాసన చూడండి. స్పియర్‌మింట్ రకం పుదీనాకు ఆ వాసన ఇచ్చేది ఆర్ రూపంలోని కార్వోన్. దాని ప్రతిబింబమైన ఎస్ రూపానిది క్యారవే గింజల వాసన. పరమాణువులు, బంధాలు అన్నీ అవే. మన ముక్కు మాత్రం రెండింటినీ వేరుగా గుర్తుపడుతుంది.

6. ల్యాబ్‌ను రికార్డు కోసం చేయకండి

సీనియర్ రికార్డు చూసి ఎక్కించేస్తే సంతకం వస్తుంది, వైవాలో నోరు పెగలదు. ప్రతి ప్రయోగానికి ముందు రోజు ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్లండి: ఈ మెట్టు ఎందుకు? డయజోటైజేషన్ చేసేటప్పుడు మంచులో 0 నుంచి 5 డిగ్రీల దగ్గర ఎందుకు ఉంచుతాం? వేడెక్కితే డయజోనియం లవణం నైట్రోజన్ వదిలేసి ఫీనాల్‌గా మారిపోతుంది. ఆస్పిరిన్ తయారుచేశాక ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క ఎందుకు వేస్తాం? చర్య జరగని సాలిసిలిక్ ఆమ్లం మిగిలి ఉంటే ఊదా రంగు వస్తుంది. స్ఫటికీకరణలో వేడి ద్రావణాన్ని ఎందుకు నెమ్మదిగా చల్లారనివ్వాలి? తొందరపెడితే మలినాలు స్ఫటికాల్లోనే ఇరుక్కుంటాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఉన్న కంపెనీల్లో క్యూసీ, ఆర్ అండ్ డీ ఉద్యోగాలకి వెళ్లాలనుకునేవాళ్లకి ఈ ప్రశ్నలు ఇంటర్వ్యూలోనూ పనికొస్తాయి.

7. ఇంగ్లిష్ మీడియం భయం ఉంటే

పదో తరగతి, ఇంటర్ తెలుగులో చదివి వచ్చిన పిల్లలకి సగం టెన్షన్ సబ్జెక్టుది కాదు, భాషది. వాళ్లకి ఆర్గానిక్ నిజానికి కలిసొచ్చే పేపర్. జవాబులో సగానికి పైగా బొమ్మలు, బాణాలే ఉంటాయి. కాన్సెప్ట్ ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో చదవండి, తప్పేం లేదు. తర్వాత పక్క ఫ్రెండ్‌కి తెలుగులోనే వివరించండి. వివరించగలిగారంటే విషయం వచ్చినట్టే. అప్పుడు ప్రతి బాణం కింద ఒక చిన్న ఇంగ్లిష్ వాక్యం రాయడం మొదలుపెట్టండి. పెద్ద వాక్యాలు అక్కర్లేదు. నాలుగు మెట్లున్న మెకానిజానికి నాలుగు చిన్న వాక్యాలు. అర్థం కాని ఇంగ్లిష్ పేరాలను బట్టీ పట్టడం మాత్రం దయచేసి చేయకండి. మధ్యలో ఒక్క పదం మర్చిపోతే మొత్తం జవాబు ఆగిపోతుంది.

సార్‌ని, మేడమ్‌ని డౌట్ అడగడానికి కూడా ఇదే మొహమాటం అడ్డొస్తుంది. "ఈ చాప్టర్ అర్థం కాలేదు సార్" అంటే వాళ్లకీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మీరు గీసిన కాగితం తీసుకెళ్లి, "సార్, ఇక్కడిదాకా వచ్చింది, ఈ బాణం ఎటు వెళ్తుందో తెలియడం లేదు" అని తెలుగులోనే అడగండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

8. పరీక్షకి ముందు, పరీక్షలో

మీ యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు సంపాదించండి. ఇంపార్టెంట్ ప్రశ్నలు ఏరుకోవడం కోసం కాదు. నెల రోజుల ముందు ఒక పేపర్ తీసి, గడియారం పెట్టుకుని, పుస్తకం లేకుండా రాయండి. రాలేని ప్రశ్నల జాబితాయే మీ మిగతా నెల టైంటేబుల్.

జవాబు రాసేటప్పుడు ముందు చర్య సమీకరణం, బాణం గుర్తు మీద రియాజెంట్, కింద ఉష్ణోగ్రత. తర్వాత మెకానిజం మెట్లు విడివిడిగా, ఒక్కో మెట్టుకి చాలినంత చోటు వదిలి. స్టీరియోకెమిస్ట్రీ మారితే అది కూడా బొమ్మలో చూపించండి. ఎస్‌ఎన్2లో తలకిందులైన రూపం గీయకపోతే జవాబు సగమే.

బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు కొత్త సెమిస్టర్ పాఠాలతో పాటు పాతవి నెట్టుకురావాలని చూసి రెండిటికీ చెడతారు. పాత పేపర్ మొత్తం మళ్లీ చదవకండి. మొదటి యూనిట్ ఒక వారం, బాణాలు ఒక వారం, ఎస్‌ఎన్, ఈ చర్యలు ఒక వారం, ఆ తర్వాతే పాత ప్రశ్నపత్రాలు. పునాది కుదిరితే కొత్త సెమిస్టర్‌లోని కార్బొనైల్ చర్యలు కూడా తేలికవుతాయి. అక్కడా న్యూక్లియోఫైల్ వచ్చి చేరేది ధనావేశం పాలు ఎక్కువున్న కార్బన్ మీదికే.

పరీక్ష హాల్లో చివరి పది నిమిషాలు కొత్త ప్రశ్న మొదలుపెట్టకండి. మొదటి పేజీకి తిరిగి వచ్చి, ప్లస్, మైనస్ లేని ప్రతి కార్బన్‌కి నాలుగు బంధాలున్నాయా, ప్లస్‌లు మైనస్‌లు ఎక్కడైనా రాయడం మర్చిపోయారా, ఏ బాణమైనా ప్రోటాన్ దగ్గర మొదలైందా అని పెన్ను మొన పెట్టి చూసుకుంటూ వెళ్లండి.